వసంతంలో పూసే మాగ్నోలియా: ఇంటి ముందుకు ఏ రకం?

ఏప్రిల్ మొదటి వారంలో అమెరికా తూర్పు తీరంలోని ఏ నర్సరీకి వెళ్లినా ద్వారం దగ్గరే మాగ్నోలియా కుండీలు వరుసగా పెట్టి ఉంటాయి. ఆకు ఒక్కటి కూడా లేని కొమ్మల మీద అరచేతి వెడల్పున గులాబీ రంగు పూలు విచ్చుకొని ఉండగా చూసినవారికి వట్టి చేతులతో తిరిగి రావడం కష్టమే. అయితే అక్కడ పక్కపక్కనే ఉన్న అయిదారు రకాలూ ఒకే చెట్టు కావు. వాటిలో ఒకటి పన్నెండు అడుగుల దగ్గర ఆగిపోతుంది, మరొకటి ముప్ఫై అడుగులు దాటి రెండో అంతస్తు కిటికీని కమ్మేస్తుంది. ఒకటి మార్చిలోనే పూసి చలికి మాడిపోతుంది, ఇంకొకటి ఏప్రిల్ నెలాఖరు దాకా ఆగి నిశ్చింతగా పూస్తుంది. పూల రంగు చూసి కొన్నవారు ఈ తేడాలను అయిదారేళ్ల తర్వాత గాని తెలుసుకోరు. అప్పటికి చెట్టును కదల్చడం దాదాపు అసాధ్యం.

మధ్య న్యూజెర్సీలో సొంత ఇంటి ముందు ఇలాంటి చెట్లను పన్నెండేళ్లుగా పెంచుతున్న అనుభవంతోనూ, చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ప్రతి వసంతంలో అడిగే ప్రశ్నలను దృష్టిలో పెట్టుకొనీ ఈ పోలిక రాస్తున్నాను. ఎండాకాలంలో పూసే, ఏడాది పొడుగునా ఆకులుండే సదరన్ మాగ్నోలియా వేరే సంగతి కనుక దానిని ఇందులో చేర్చలేదు. ఇక్కడ చెప్పేదంతా ఆకు రాల్చి, ఆకు కంటే ముందు పువ్వు తొడిగే అలంకార మాగ్నోలియాల గురించే.

## సంపెంగతో చుట్టరికం

మన సంపెంగ కూడా మాగ్నోలియాయే. ఒకప్పుడు దానిని మైకేలియా అనే వేరే ప్రజాతిలో ఉంచేవారు, ఇప్పుడు శాస్త్రజ్ఞులు మాగ్నోలియా చంపకా అంటున్నారు. సింహాచలం సంపెంగలను దగ్గరగా చూసినవారు ఇక్కడి పువ్వు ఒకదానిని చేతిలోకి తీసుకొని చూస్తే పోలిక వెంటనే తెలుస్తుంది. రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు అని విడదీయడానికి వీల్లేకుండా అన్నీ ఒకే రకమైన రేకులుగా ఉంటాయి. మధ్యలో చిన్న శంకువు లాంటి కాడ నిలబడి, దాని చుట్టూ కేసరాలు మెలిక తిరిగిన వరుసలో అమరి ఉంటాయి. కొమ్మను పట్టుకొని చూస్తే, ఆకు రాలిన ప్రతి కణుపు దగ్గరా కొమ్మను పూర్తిగా చుట్టిన సన్నని గీత, ఉంగరం తొడిగినట్టు, రెండింటిలోనూ కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, సంపెంగ ఆకు మొదట్లో పూస్తుంది, ఈ వసంత మాగ్నోలియాలు కొమ్మ చివర పూస్తాయి. అందుకే కొమ్మ చివర్లు కత్తిరిస్తే పూత పోతుంది. ఈ విషయం తర్వాత మళ్లీ వస్తుంది.

సంపెంగ గడ్డకట్టే చలికి నిలవదు కనుక న్యూజెర్సీలోనో చికాగోలోనో దానిని కుండీలో ఉంచి చలికాలమంతా ఇంట్లో కాపాడుకోవలసిందే. ఆరుబయట నాటుకోగల దాని దాయాదులు ఈ వ్యాసంలో చెప్పబోయేవి.

## ముందుగా తేల్చుకోవలసిన సంగతులు

అన్నింటికంటే మొదటిది పూసే వేళ. ఈ చెట్టు వచ్చే ఏటి మొగ్గను ఈ ఏటి వేసవిలోనే తయారు చేసుకుంటుంది. బూడిద రంగు నూగుతో, పిల్లి పాదంలా మెత్తగా ఉండే తొడుగు కప్పుకొని ఆ మొగ్గ శీతాకాలమంతా కొమ్మ చివర నిలబడుతుంది. తొడుగు మూసి ఉన్నంతవరకు మామూలు శీతాకాలపు చలికి మొగ్గకు ఏమీ కాదు. మార్చిలో నాలుగు రోజులు ఎండ కాసి తొడుగు పగిలి, రేకులు రంగు చూపించాక మాత్రం ఒక్క రాత్రి ఉష్ణోగ్రత 28 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు సున్నాకు రెండు డిగ్రీల సెల్సియస్ దిగువకు పడితే చాలు, ఆ ఏటి పూత ముగిసిపోయినట్టే.

మా ఇంటి ముందున్న సాసర్ మాగ్నోలియాకు ఇలా జరగడం నేను మొదటిసారి చూసిన ఉదయం ఇంకా గుర్తుంది. ముందురోజు సాయంత్రం రేకులకు లోపలి వైపు పాలతెలుపు, వెలుపలి వైపు మొదట్లో ముదురు గులాబీ రంగు ఉండి, చెట్టంతా నిండుగా ఉంది. తెల్లవారి చూస్తే పువ్వులన్నీ వడగట్టిన టీపొడి రంగుకు తిరిగి, ఉన్నచోటే వేలాడుతున్నాయి. ఒక రేకును వేలితో తాకితే తడిసిన కాగితంలా చిరిగిపోయింది. పన్నెండు వసంతాలలో నాలుగుసార్లు ఇదే జరిగింది. దీనివల్ల చెట్టుకు ప్రమాదం లేదు. ఆకులు మామూలుగానే వస్తాయి, మరుసటి ఏడు మొగ్గలూ వస్తాయి. కాని ఏడాదంతా ఎదురుచూసిన పది రోజుల పూత పోయిన బాధ చిన్నది కాదు.

కాబట్టి మొక్క కొనేముందు మీ ఊరిలో చివరి ఫ్రాస్ట్, అంటే నీరు గడ్డకట్టే చలి, సాధారణంగా ఏ వారంలో పడుతుందో కనుక్కోండి. మా వైపు ఏప్రిల్ మధ్య దాటేవరకు భరోసా లేదు. రకాల మధ్య పూసే కాలంలో రెండు నుంచి నాలుగు వారాల తేడానే ఉంటుంది, ఆ కొద్ది వారాలే పూత దక్కేదీ పోయేదీ నిర్ణయిస్తాయి.

రెండోది స్థలం. మాగ్నోలియా వేళ్లు తాడులా లావుగా, కండపట్టి, నేలపైభాగంలోనే చాలా దూరం పాకుతాయి. తెగితే త్వరగా మళ్లీ పుట్టవు. అందువల్ల ఒకచోట నాటి, నాలుగేళ్ల తర్వాత ఇంకోచోటికి మార్చే చెట్టు కాదిది. నేను సాసర్ మాగ్నోలియాను మొదట దక్షిణపు గోడ పక్కన నాటాను. ఆ గోడ వేడికి మొగ్గలు మరీ తొందరగా విచ్చుకుంటున్నాయని మూడో ఏట తవ్వి ముందు వైపుకు మార్చాను. ఆ తర్వాత రెండేళ్లు అది కొత్త కొమ్మ వేయలేదు, ఒక్క పువ్వూ పూయలేదు. ఎదిగాక ఎంత వెడల్పు అవుతుందో తెలుసుకొని, అందులో సగం దూరమైనా గోడకూ చెట్టుకూ మధ్య వదిలిపెట్టడం అవసరం.

మూడోది నేల. కొంచెం ఆమ్ల స్వభావం ఉండి, తేమ నిలుపుకుంటూనే నీరు నిలవని నేల వీటికి ఇష్టం. క్షార నేలలో ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. నాలుగోది వాసన. తెలుగువారు తప్పక అడిగేది ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. సంపెంగ వాసనతో పోల్చదగినది వీటిలో ఏదీ లేదు. ఉన్నంతలో యూలాన్, స్టార్, లోబ్నర్ రకాలు మెరుగు. ఆకుల శరద్కాలపు రంగు, కాయల అందం వంటి వాటిని లెక్కలోకి తీసుకోనవసరం లేదు, ఆ విషయంలో అన్ని రకాలూ సాధారణమైనవే.

| రకం | ఎదిగాక ఎత్తు | పూసే వరుస | వాసన | పూత చలికి పోయే భయం |
|---|---|---|---|---|
| స్టార్ | 10–15 అడుగులు | అన్నిటికంటే ముందు | తేలికగా, హాయిగా | ఎక్కువ |
| లోబ్నర్ | 20–30 అడుగులు | స్టార్ తర్వాత కొద్ది రోజులకు | బాగుంటుంది | ఎక్కువే |
| యూలాన్ | 30–40 అడుగులు | ముందు వరుసలోనే | నిండైన నిమ్మ వాసన | చాలా ఎక్కువ |
| సాసర్ | 20–25 అడుగులు, వెడల్పూ అంతే | మధ్యలో | స్వల్పం | ఎక్కువ |
| గెలాక్సీ | 30–40 అడుగులు, వెడల్పు తక్కువ | సాసర్‌తో పాటు లేదా కొంచెం వెనక | స్వల్పం | మధ్యస్థం |
| లిటిల్ గర్ల్స్ | 10–15 అడుగులు | చివర్లో | రకాన్ని బట్టి | తక్కువ |
| పసుపు రకాలు | 15 నుంచి 40 అడుగుల దాకా | చివర్లో | స్వల్పం | తక్కువ |

## సాసర్ మాగ్నోలియా

మాగ్నోలియా అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. పారిస్ దగ్గర ఫ్రోమాన్‌లో తోటలు పెంచిన ఎతియెన్ సూలాంజ్-బోదాన్, నెపోలియన్ సైన్యంలో అశ్వికుడిగా పనిచేసినవాడు, 1820లో చైనా యూలాన్‌ను లిలీ మాగ్నోలియాతో సంకరం చేశాడు. ఆ మొక్క 1826లో మొదటిసారి పూసింది. యూలాన్ నుంచి ఆకారమూ తెలుపూ, లిలీ నుంచి ఊదా గులాబీ రంగూ వచ్చి చేరాయి. ఇప్పుడు ప్రపంచమంతటా అతి ఎక్కువగా నాటే వసంత మాగ్నోలియా ఇదే. బోస్టన్‌లోని కామన్‌వెల్త్ అవెన్యూ పొడవునా ఇళ్ల ముందు వరుసగా ఉన్నవీ, వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ కోట వెనుక తోటలో మార్చిలో జనం ఫోటోలు తీసుకునేవీ ఇవే.

దీని బలం పువ్వు పరిమాణమే. అయిదు నుంచి పది అంగుళాల వెడల్పుతో, తామర మొగ్గలా నిటారుగా నిలబడి, తర్వాత చాయ్ సాసర్‌లా విచ్చుకుంటుంది. చెట్టు నేల దగ్గరే నాలుగైదు మానులుగా చీలి, గొడుగులా విస్తరించి, శీతాకాలంలో కూడా నున్నని బూడిద రంగు బెరడుతో అందంగా ఉంటుంది. చిన్న వయసులోనే, అంటు మొక్క అయితే మూడు నాలుగేళ్లకే పూత మొదలవుతుంది.

దీని బలహీనత ముందే చెప్పిన చలి. దానికి తోడు, ఇరవై అడుగుల వెడల్పుకు చోటు కావాలి. కాలిబాట పక్కనో, కారు నిలిపే చోటనో నాటితే రాలిన లావు రేకులు రెండు రోజుల్లో గోధుమ రంగుకు తిరిగి, వాన పడితే కాలు జారేలా తయారవుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే నడిచే దారికి దూరంగా నాటడం మంచిది. ఈ రకమే కావాలనుకుంటే మామూలు సాసర్ కంటే కొన్ని రోజులు ఆలస్యంగా పూసే బ్రొజ్జోనీని వెతకండి. పెద్ద తెల్లని పువ్వుకు మొదట్లో లేత గులాబీ ఛాయ ఉంటుంది. ముదురు రంగు ఇష్టమైతే లెన్నీ, రస్టికా రుబ్రా దొరుకుతాయి.

ఇన్ని ఇబ్బందులు రాసినా, నాకు అన్నింటిలో ఇష్టమైన చెట్టు ఇదే. పూత నిలిచిన ఏడాది దీని ముందు మిగతావి నిలవవు.

## స్టార్, లోబ్నర్

స్టార్ మాగ్నోలియా జపాన్‌లోని హోన్షు ద్వీపంలో చాలా కొద్ది ప్రాంతంలోనే సహజంగా పెరిగే మొక్క. తోటల్లో విరివిగా కనిపించే ఈ చెట్టుకు దాని సొంత అడవిలో మాత్రం చోటు తగ్గిపోతోంది. పన్నెండు నుంచి ముప్ఫై దాకా సన్నని తెల్లని రేకులు నక్షత్రంలా విడిపోయి ఉంటాయి. నెమ్మదిగా, పొదలా పెరుగుతుంది. టౌన్‌హౌస్ ముందు ఆరడుగుల మేర మట్టి మాత్రమే ఉన్నవారికి, అది అందరికంటే ముందుగా పూసి చలికి దొరికిపోతుందన్న ఒక్క లోపాన్ని ఒప్పుకోగలిగితే, ఇంతకంటే సరైన చెట్టు లేదు. ఒక సౌలభ్యమేమిటంటే, మొగ్గలన్నీ ఒకేసారి విచ్చవు. ఒక రాత్రి చలికి విచ్చుకున్న పువ్వులు పోయినా, ఇంకా తొడుగులో ఉన్నవి వారం తర్వాత విచ్చుకుంటాయి. మామూలు స్టార్ కంటే కొంచెం ఆలస్యంగా పూసే రాయల్ స్టార్ అనే రకమే కొనండి. నర్సరీలలో సులభంగా దొరికేదీ అదే.

లోబ్నర్ దీనికి అన్న లాంటిది. జర్మనీలో మాక్స్ లోబ్నర్ స్టార్ మాగ్నోలియాను కోబుస్ అనే గట్టి జపాన్ చెట్టుతో సంకరం చేయగా పుట్టింది. కోబుస్ తల్లిపోలిక వల్ల చలికాలపు తీవ్రతను బాగా ఓర్చుకుంటుంది, క్షార నేలను కూడా ఇతర రకాల కంటే మెరుగ్గా సహిస్తుంది. ఈ రెండో గుణం చాలామంది గమనించరు. మెర్రిల్ అనే తెల్లని రకం 1939లో హార్వర్డ్‌కు చెందిన ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ అనే వృక్షోద్యానంలో పుట్టి, ఆ సంస్థ డైరెక్టర్‌గా పనిచేసిన ఎల్మర్ డ్రూ మెర్రిల్ పేరు పెట్టుకుంది. త్వరగా పెరిగి, నీడనిచ్చేంత చెట్టు అవుతుంది. లియొనార్డ్ మెసెల్ ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో నైమన్స్ తోటలో పుట్టిన గులాబీ రకం. మెర్రిల్ కంటే చిన్నదిగా ఉండి, దాని మొగ్గలు ఒక మోస్తరు చలికి తట్టుకుంటాయని తోటమాలుల్లో మంచి పేరుంది.

## యూలాన్

చైనాలో శతాబ్దాలుగా ఆలయాల దగ్గర పెంచిన చెట్టు, షాంఘై నగరపు పువ్వు. స్వచ్ఛమైన తెలుపు, నిండైన వాసన. మిగతా సంకరాలలో కొన్నింటికి ఇది ఒక మూలం. అయితే పెద్ద చెట్టు అవుతుంది, తొందరగా పూస్తుంది, చలికి మొదట నష్టపోయేదీ ఇదే. మార్చి తర్వాత ఫ్రాస్ట్ పడని చోట ఉండేవారికి తప్ప నేను సిఫారసు చేయను.

## లిటిల్ గర్ల్స్

పూత ఆలస్యం చేయడమే లక్ష్యంగా పుట్టించిన రకాలివి. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బొరేటమ్‌లో 1955, 1956 సంవత్సరాలలో ఫ్రాన్సిస్ డి వోస్, విలియం కోసార్ అనే ఇద్దరు ఆలస్యంగా పూసే లిలీ మాగ్నోలియాను స్టార్‌తో సంకరం చేశారు. వచ్చిన మొక్కల్లో ఎనిమిదింటిని ఎంచి ఆన్, బెట్టీ, జేన్, జూడీ, పింకీ, రాండీ, రికీ, సూసన్ అని ఆడపిల్లల పేర్లు పెట్టారు. స్టార్, సాసర్ రకాల కంటే రెండు నుంచి నాలుగు వారాలు ఆలస్యంగా పూస్తాయి కనుక చాలా ఏళ్లు చలిని తప్పించుకుంటాయి. వేసవిలో అక్కడక్కడా రెండోసారి కూడా పూస్తాయి. ఆకుల మధ్య విచ్చే ఆ పూలు కొద్దివే అయినా, జులైలో మాగ్నోలియా కనిపించడం బాగుంటుంది.

ఎనిమిదింటిలో ఏది? జేన్. వెలుపల ఎర్రటి ఊదా, లోపల తెలుపు, మంచి వాసన. గుంపులో ఆఖరున పూసేవాటిలో ఒకటి. లోపలా వెలుపలా ఒకే ముదురు రంగు కావాలంటే సూసన్. ఆన్ ఈ గుంపులో ముందుగా పూసేది కాబట్టి, చలికి భయపడి ఈ వరుసకు వచ్చినవారు దానిని వదిలేయడమే మేలు. పువ్వు పెద్దదిగా కావాలంటే బెట్టీ.

వీటిని సాసర్‌తో పోల్చి చూసుకొని నిరాశపడేవారున్నారు. ఆ నిరాశకు కారణముంది. ఇవి చెట్లు కావు, పెద్ద పొదలు. ఆలస్యంగా పూయడం వల్ల పువ్వుతోపాటు లేత ఆకు కూడా వచ్చేస్తుంది, నల్లని కొమ్మ మీద పువ్వు మాత్రమే ఉండే ఆ అద్భుతం కొంత తగ్గుతుంది. పైగా లిలీ మాగ్నోలియా రక్తం వల్ల గాలి ఆడని మూలలో నాటితే ఆగస్టులో ఆకుల మీద బూడిద తెగులు కనిపిస్తుంది. నమ్మకమైన పూత కోసం కొంత ఘనతను వదులుకోవడమే ఇక్కడి బేరం.

## గెలాక్సీ

అదే నేషనల్ ఆర్బొరేటమ్‌లో విలియం కోసార్ 1963లో చేసిన ఇంకో సంకరం ఇది. లిలీ మాగ్నోలియాను డీవా అనే గులాబీ రంగు స్ప్రెంజరీ మాగ్నోలియాతో కలిపారు. తొమ్మిదేళ్లకు మొదట పూసింది, 1980లో విడుదల చేశారు. మిగతావి చాలావరకు నేల దగ్గరే చీలిపోతే, గెలాక్సీ ఒకే మానుతో నిటారుగా, గోపురంలా పెరుగుతుంది. వీధి పక్కన, రెండు ఇళ్ల మధ్య సందులో, కింద మనుషులు నడవవలసిన చోట నాటదగినది ఇదే. పువ్వు సాసర్‌కు ఏమాత్రం తీసిపోదు. కాకపోతే ముప్ఫై అడుగులు దాటే చెట్టు కనుక కరెంటు తీగలు లేవని పైకి చూసి నాటండి.

## పసుపు రకాలు

అమెరికా తూర్పు అడవుల్లో పుట్టి పెరిగే దోస మాగ్నోలియా, కాయలు లేతగా ఉన్నప్పుడు దోస పిందెల్లా ఉంటాయి కనుక ఆ పేరు, ఆకుపచ్చ కలిసిన పసుపు పువ్వు పూస్తుంది. దానిని యూలాన్‌తో కలిపి బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్‌లో ఎవామరియా స్పెర్బర్ 1956లో సాధించిన సంకరమే ఎలిజబెత్. ఆ తోట అప్పటి డైరెక్టర్ ఎలిజబెత్ షోల్జ్ పేరు పెట్టారు. వెన్న రంగులో, మెత్తని కాంతితో ఉంటుంది. పెద్ద చెట్టు అవుతుంది. మిషిగన్‌లో ఫిల్ సావేజ్ పెంచిన బటర్‌ఫ్లైస్ ఇంకొంచెం చిన్నది, ముదురు పసుపు. ఎల్లో బర్డ్ అన్నిటికంటే ఆలస్యం, ఆకులతోపాటే పూస్తుంది.

పసుపు రంగు మన కళ్లకు శుభంగా తోచినా, ఎండలో ఆ రంగు త్వరగా వెలిసి మీగడ రంగుకు తిరుగుతుందని తెలిసి కొనండి. మధ్యాహ్నం తర్వాత కొంచెం నీడ పడే చోట రంగు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

## ఎవరికి ఏది

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఉత్తర వర్జీనియాలలో మామూలు ఇంటి ముందు ఒకే ఒక్క చెట్టుకు చోటున్నవారు, ప్రతి ఏడూ పూత చూడాలనుకుంటే జేన్, ఎత్తైన చెట్టు కావాలనుకుంటే గెలాక్సీ నాటుకోవడం మంచిది. రెండు చెట్లకు చోటున్నవారు ఒకటి ముందు పూసేది, ఒకటి ఆలస్యంగా పూసేది ఎంచుకోండి. రాయల్ స్టార్‌నూ సూసన్‌నూ కలిపి నాటితే చలి ఒకదానిని తీసుకున్నా రెండోది దక్కుతుంది, రెండూ నిలిచిన ఏడాది నెలన్నర దాకా పూలే పూలు.

చికాగో, మిన్నియాపొలిస్, డెట్రాయిట్ వైపు ఉండేవారికి పూత పోవడం కంటే చెట్టే చలికి పోవడం మొదటి సమస్య. అక్కడ మెర్రిల్, రాయల్ స్టార్, జేన్ గట్టివి. యూలాన్, గెలాక్సీల జోలికి వెళ్లకండి.

డాలస్ పరిసరాల్లో ఇల్లు కొనుక్కున్నవారికి సమస్య నేలతో. ఆ ప్రాంతపు నల్లటి బంకమట్టి మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, పైగా క్షారం. కర్నూలులోనో ఆదిలాబాద్‌లోనో పొలం చూసినవారికి వివరించనవసరం లేదు. కండ గల మాగ్నోలియా వేళ్లు ఆ నెర్రెల్లో తెగిపోతాయి. అక్కడ మట్టిని అడుగు ఎత్తు కట్టగా పోసి, బాగా కుళ్లిన కంపోస్టు కలిపి, తూర్పు ఎండ మాత్రమే తగిలే చోట జేన్ లాంటి చిన్న రకాన్ని నాటితే ఫలితం ఉంటుంది. సాసర్ అక్కడ జులై ఎండకు ఆకు అంచులు మాడ్చుకుంటుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో, సియాటిల్‌లో ఫ్రాస్ట్ భయం తక్కువ కనుక అక్కడివారు నిశ్చింతగా సాసర్‌ను, యూలాన్‌ను కూడా ఎంచుకోవచ్చు. హిమాలయాల్లో, డార్జిలింగ్, సిక్కిం కొండల్లో పూసే కాంప్‌బెల్లీ మాగ్నోలియా అమెరికాలో మొదటిసారి పూసింది కూడా 1940లో శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులోనే. కాలిఫోర్నియాలో వేసవి వానలు లేవు కాబట్టి నీటి ఏర్పాటు మాత్రం తప్పనిసరి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండే అమ్మానాన్నలకు ఒక మొక్క పంపించాలనే కోరిక చాలామందికి కలుగుతుంది. దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. ఈ చెట్లకు వారాల తరబడి శీతాకాలపు చలి తగలకపోతే మొగ్గ నిద్ర లేవదు, మన ఎండలకు వేళ్లు తట్టుకోలేవు. అక్కడికి సంపెంగే సరైన మాగ్నోలియా.

## కొనేటప్పుడు, నాటేటప్పుడు

పూలతో ఉన్న కుండీని కాకుండా వేళ్లు బాగున్న కుండీని ఎంచుకోండి. కుండీని కొంచెం పక్కకు వంచి అడుగు రంధ్రాల్లోంచి చూడండి. లావు వేళ్లు గుండ్రంగా చుట్టుకొని బయటికి వస్తుంటే ఆ మొక్క చాలాకాలంగా అమ్ముడుపోకుండా ఉన్నట్టు లెక్క. కొమ్మ కింది వైపు తెల్లగానో గోధుమ గులాబీ రంగులోనో శనగగింజంత బుడిపెలు అంటుకొని ఉంటే అవి మాగ్నోలియా పొలుసు పురుగులు. స్టార్, సాసర్, లిలీ సంతతికి ఇవి బాగా పడతాయి. వాటి జిగురు కారి ఆకుల మీద మసి తెగులు వస్తుంది. అలాంటి మొక్కను సగం ధరకిచ్చినా తీసుకోవద్దు.

వేళ్లు ఎదిగే వేళ వసంతమే కనుక నాటడానికి వసంతమే మంచిది, శరదృతువులో నాటితే తెగిన వేళ్లు చలికి కుళ్లే ప్రమాదముంది. గుంత వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. మాను మొదలు మట్టితో కప్పబడకూడదు. చుట్టూ రెండు మూడు అంగుళాల మల్చ్, అంటే నేలను కప్పే చెక్కపొట్టు లాంటిది, పరిచి, మానుకు ఆనకుండా చేతి వెడల్పు ఖాళీ వదలండి. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి చెట్టు కింద బంతి, చామంతి నాటడానికి ప్రతి ఏడూ పార వేయవద్దు. మొదటి రెండు వేసవులు వారానికి ఒకసారి లోతుగా నీరు పెట్టాలి. జింకలు వీటి ఆకులను సాధారణంగా తినవు కాని, అక్టోబరు, నవంబరు నెలల్లో మగ జింకలు లేత మానుకు కొమ్ములు రుద్ది బెరడు ఊడగొడతాయి. మొదటి అయిదేళ్లు మాను చుట్టూ వల కట్టండి.

కత్తిరింపు దాదాపు అక్కరలేదు. తప్పనిసరైతే పూలు రాలిన వెంటనే చిన్న కొమ్మలు తీయండి. ఆగస్టు దాటాక కత్తెర పట్టుకుంటే వచ్చే వసంతపు మొగ్గలే కింద పడతాయి. డిసెంబరులో చెట్టు దగ్గరికి వెళ్లి కొమ్మ చివరలను వేలితో తడిమి చూడండి. సన్నగా, నున్నగా ఉన్నవి ఆకు మొగ్గలు. బొటనవేలి చివరంత లావుగా, నూగుతో ఉన్నవి పూమొగ్గలు. ఎన్ని ఉన్నాయో అప్పుడే లెక్కపెట్టుకోవచ్చు.

కొనాలన్న నిర్ణయానికి ముందు ఒక వసంతం వృథా అయినా పరవాలేదు. మార్చి చివరి వారం నుంచి ఏప్రిల్ చివరి వారం దాకా మీ వీధుల్లోనే వారానికొకసారి నడిచి, ఏ ఇంటి ముందు ఏ రకం ఏ రోజున పూసిందో, ఏ రోజున గోధుమ రంగుకు తిరిగిందో ఫోన్‌లో ఫోటోతో, తేదీతో రాసిపెట్టుకోండి. దగ్గరలో ఉంటే బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్‌లోని మాగ్నోలియా ప్లాజాకో, వాషింగ్టన్ నేషనల్ ఆర్బొరేటమ్‌కో ఒక శనివారం వెళ్లండి, అక్కడ రకాల పేర్లు చెట్లకే తగిలించి ఉంటాయి. ఆ ఫోటోలు తీసుకొని మే మొదట్లో నర్సరీకి వెళితే, పూలు రాలిపోయి ఆకులతో మాత్రమే ఉన్న కుండీల మధ్య మీకు కావలసినదేదో మీరే చెప్పగలరు.